దీపాల వేళ అడిగిన ధరలు

వచ్చే ఏడాదికి ధరలు పెరుగుతాయా, తగ్గుతాయా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని తిరుపతి జీవకోనలో నేను ఎక్కని మెట్టు లేదు, నన్ను చూసి మొరగని కుక్క లేదు.

వడ్డీ రేట్లు నిర్ణయించే పెద్ద బ్యాంకు చేయించే సర్వే అది. మధ్యలో ఒక ఏజెన్సీ, దాని కింద నాలాంటి కాంట్రాక్టు మనుషులు. ఇంత చిన్న ప్రశ్నకు అంత హంగామా ఎందుకని చాలామంది నవ్వేవాళ్ళు. రేపు ధర పెరుగుతుందని జనం గట్టిగా నమ్మితే ఈ రోజే కొనిపెట్టుకుంటారు, కూలి పెంచమంటారు, అంగడివాడు ముందే రేటు పెంచేస్తాడు. చివరికి ధరలు నిజంగానే పెరుగుతాయి. అందుకే అక్కడ పరిశోధన చేసేవాళ్ళు మనుషుల మనసులో ఏముందో కూడా తెలుసుకుని, వడ్డీ ఎంత ఉండాలో లెక్క వేసుకుంటారు. ఎమ్మేలో ఇదంతా బట్టీపట్టి పరీక్ష రాసినదాన్ని. మా పేట ఆడవాళ్ళ మాట అంత దూరం వెళ్తుందంటే నాకు భలే గర్వంగా ఉండేది.

రెండు రౌండ్లు పొద్దుటి పూటే తిరిగాను. మూడో రౌండుకు ఒక ప్రైవేటు బడిలో పగటి పని దొరికింది. దాంతో సర్వేని సాయంత్రానికి మార్చుకున్నాను. ఆ వేళకి అందరూ ఇళ్ళలోనే ఉంటారు, పని బిరబిరా అయిపోతుంది. తిరుపతిలో ఒకరిని పర్మనెంటుగా తీసుకుంటామని ఏజెన్సీ సూపర్‌వైజరు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఈ రౌండు షీట్లు చూసి తేలుస్తామన్నాడు. ఎమ్మే అయినప్పటి నుంచి మూడేళ్ళుగా నేను కాచుకున్నది అలాంటి ఒక్క ఉద్యోగం కోసమే.

షీట్లు పంపిన వారానికి ఆయన ఫోను.

"ఏమ్మా, ఇంట్లో కూసోని నింపినావా? ఊరంతా ధరలు పెరగతాయంటా ఉంటే, నీ ఇళ్ళు మాత్రం తగ్గతాయంటుండాయే!"

"గడప గడపా తిరిగినాను సార్. వాళ్ళు చెప్పిందే రాసినాను."

"ఆ మాట బ్యాంకు ఆఫీసరుకు చెప్పుకో. ఎల్లుండి వస్తుండాడు. దొంగ షీట్లని తేలితే యాడా నీకు పని దొరకదు, చూసుకో."

ఒళ్ళు మండిపోయింది. బడిలో అలసిపోయి కూడా కాళ్ళరిగేలా తిరిగి తెచ్చిన మాటలు దొంగవా! ఆ రెండు రోజులు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. అన్నం సయించలేదు. టాబ్‌లో షీట్లు తెరవడం, మూయడం, మళ్ళీ తెరవడం. తగ్గుతాయి, తగ్గుతాయి, పెరగవు, తగ్గుతాయి. పిల్లలకు కూడికలు చెప్తూ కూడా అదే ఆలోచన. ఇంతమంది కూడబలుక్కుని నా కొంప ముంచారా ఏమిటి? ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు.

ఆఫీసరు కుర్రవాడే. చెన్నై నుంచి వచ్చాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. నా బడి అయ్యేదాకా ఆగి, సాయంత్రం ఆరు దాటాక నాతో బయల్దేరాడు. మొదటి ఇల్లు ఒక ఆటో డ్రైవరుది. ఆయన భార్య అప్పుడే దీపం పెట్టి గడపలోకి వచ్చింది. ప్రశ్న ఆఫీసరే అడిగాడు.

"ఏం పెరగవు సార్. అన్నీ తగ్గతాయి. అంతా బాగుంటాది," అంది.

ఆఫీసరు నా వైపు చూశాడు. వీళ్ళకు ముందే నేర్పిపెట్టింది అనుకుంటున్నాడని ఆ చూపులోనే అర్థమైంది. నాకు ఆగలేదు.

"అక్కా, నిన్న పొద్దున కొళాయి కాడ నూనె రేటు, గ్యాసు రేటు అని శాపనార్థాలు పెట్టినావు కదా! వచ్చే ఏడు బతికేదెట్లా అన్నది నువ్వే కదా?"

ఆమె గబుక్కున వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నోరు ముయ్యి పాపా! దీపం పెట్టిన ఏళ. తథాస్తు దేవతలు తిరిగే టైములో ధరలు పెరగతాయని నా నోటితో అనిపిస్తావా? మీరు రాసుకోని పోతారు. ఈడ కొనుక్కోని తినాల్సింది మేము. తెల్లార్తో రాండి, ఉండేదంతా సెప్తాను."

తల కొట్టేసినంత పనైంది. సందెవేళ మా ఇంట్లో ఎవరైనా 'లేదు' అన్నా కసురుకునేదాన్ని నేనే. బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటాను. అలాంటి నేను సరిగ్గా ఆ వేళకే గడప గడపకీ వెళ్ళి, రేపు ఎంత చెడ్డగా ఉంటుందో చెప్పమని అడిగాను. చేతిలో టాబ్ ఉందని, చేసేది ఎకనామిక్స్ అని, నా తెలివి అంతా ఎటో పోయింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం. ఆటో డ్రైవరు భార్య ఉప్పు దగ్గర మొదలుపెట్టి బడి ఫీజుల దాకా అన్నీ పెరుగుతాయంది. పక్కింట్లోనూ అదే మాట, ఎదురింట్లోనూ అదే మాట. ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. నోటుబుక్కులో పేజీలకు పేజీలు రాసుకున్నాడు.

"మీరు అబద్ధం రాయలేదు. అదే మీ ఏజెన్సీకి చెప్తాను. కానీ ఈ రౌండులో మీ ఇళ్ళను లెక్కలోంచి తీసేయాల్సి వస్తుంది. సాయంత్రం జవాబులు పనికిరావు," అన్నాడు.

నిందైతే పోయింది. మధ్యాహ్నం సూపర్‌వైజరు ఫోను చేశాడు. పనికిరాని షీట్లకు ఏజెన్సీ డబ్బులివ్వదట. పర్మనెంటు పని వేరే ఆమెకు ఇచ్చేశారట, వచ్చే రౌండుకు నేను అక్కర్లేదట. ఇంకేం మాట్లాడకుండా పెట్టేశాడు. ఏడుపు రాలేదు. చెప్పు తెగేదాకా నడిచొద్దామనిపించింది.

సాయంత్రం ఆఫీసరును బస్సెక్కించడానికి వెళ్ళాను. బస్టాండులో లైట్లు వేస్తున్నారు. టీకొట్టు ఆమె స్వామి పటానికి అగరొత్తులు వెలిగిస్తోంది. ఆయన మాత్రం ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు.

"వచ్చే రౌండులో ఇవే ఇళ్ళను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడుగుదాం. ఆ తేడా మీద ఒక పరిశోధన పత్రం రాయొచ్చు. దీనికి ఈ ఇళ్ళు తెలిసిన మనిషి కావాలి. మీరు ఉంటారు కదా?"

నిజం నాలుక చివర దాకా వచ్చింది. చెప్పి ఉంటే ఆయన ఏజెన్సీతో ఒక మాట మాట్లాడేవాడేమో. నా పని నాకు దక్కేదేమో. అయినా ఆ వేళప్పుడు 'ఉండను' అనడానికి నోరు రాలేదు.

"ఉంటాను సార్. తప్పకుండా ఉంటాను," అన్నాను.

ఆయన సంతోషంగా నోటుబుక్కు తీసి, నా పేరు పక్కన 'ఉంటారు' అని రాసుకుని బస్సెక్కాడు.