బయటినుంచి అందని షెడ్డు

ఆవిడను చుట్టుపక్కలవాళ్లు డిగ్రీలమ్మ అంటారు. ఎండ మండిపోతోందని ఎవరైనా వాపోతే "ముప్పై ఆరున్నరే" అని సరిదిద్దుతుంది. పదకొండేళ్లుగా గుడ్లు పొదిగే యంత్రంతో సహవాసం మరి. ఒక విడత పిల్లలు బయటపడేసరికి ఇంకో విడత గుడ్లు లోపల సిద్ధంగా ఉంటాయి. అందుకని పదకొండేళ్లలో ఒక్క పూట కూడా ఆవిడ ఊరు దాటలేదు.

నాకేమో ఒకచోట వారం ఉంటే కాళ్లు దురదపెడతాయి. అలాంటి మేమిద్దరం ఆ రోజు బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. చెల్లెలికి కాన్పయిందట, చూడటానికి వెళుతోంది. షెడ్డులో సిమ్ముతో నడిచే రౌటరు పెట్టించింది కాబట్టి ధైర్యం. యంత్రంలోని వేడిని ఇకమీదట ఎక్కడినుంచైనా ఫోన్లో చూసుకోవచ్చని, ఫ్యాను కూడా తిప్పవచ్చని నాకు గర్వంగా చెప్పింది. లోపల నాలుగు వేల గుడ్లు, పద్దెనిమిదో రోజు. ఆ వయసు గుడ్లు తమ వేడి తామే పుట్టిస్తాయి. ఫ్యాను ఆగితే పిల్ల లోపలే ఉడికిపోతుంది.

మూడు గంటల ప్రయాణం తరవాత ఫోను తీసింది. తెర తెల్లగా ఉండిపోయింది. మళ్లీ నొక్కింది. అంతలో కరెంటు ఆఫీసు మెసేజి: వాళ్ల వీధిలో కరెంటు పోయి, ఇప్పుడే వచ్చిందని. వచ్చింది సరే, ఫ్యాను మళ్లీ తిరిగిందా?

రౌటరు బిగించినతనికి ఫోన్ చేసింది. బస్సు రొదలో వినబడక స్పీకరు పెట్టింది.

"ఏమయ్యా, ఏమీ రావట్లేదు!"

"బయటినుంచి రాదమ్మా. సిమ్ము కంపెనీ మీ రౌటరుకి సొంత అడ్రసు ఇవ్వదు. వేలమందికి కలిపి ఒకటే."

"నిన్న వచ్చిందిగా! నా చేత్తో ఫ్యాను తిప్పాను."

"ఎక్కడ నిలబడి?"

"షెడ్డులో."

"అప్పుడు ఫోను షెడ్డు వైఫై మీదే ఉంది కదమ్మా. లోపలుండి లోపలికే చూశారు."

"నువ్వూ అక్కడే ఉన్నావుగా! బ్రహ్మాండం అని తల కూడా ఊపావు!"

"ఊపానమ్మా" అన్నాడతను నీరసంగా.

నేను చాలా లాడ్జీలలో బతికాను. అన్ని గదులకూ ఒకటే చిరునామా. మనం ఉత్తరం రాస్తే గుమస్తా గది నంబరు రాసుకుంటాడు, జవాబు మన గదికే చేరుతుంది. బయటివాళ్లెవరో తమంతట తామే రాస్తే మాత్రం ఏ గదిదో తెలియక బల్ల మీద పడేస్తాడు. సిమ్ము కంపెనీదీ అదే పద్ధతి, కాకపోతే దాని గుమస్తా ఇంకా కఠినుడు, చించేస్తాడు.

డిగ్రీలమ్మకు ఈ ఉపమానం చెప్పబోయి, ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాను. షెడ్డు పక్కవాటాలో ఉండేది తోడికోడలు ఒక్కతే. ఆర్నెల్ల కిందట ఆమె ట్రేలు సర్దబోతే "నువ్వు చెయ్యి పెడితే గుడ్లు మురిగిపోతాయి" అందట డిగ్రీలమ్మ. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

డిగ్రీలమ్మ ఆ తోడికోడలి నంబరే నొక్కింది.

"షెడ్డులోకి వెళ్లవే. ఫ్యాను ఆగిందేమో."

"తాళం?"

డిగ్రీలమ్మ ఒళ్లోని సంచిని తడుముకుంది. తాళంచెవి అందులోనే ఉంది. "పగలగొట్టు."

"నేను చెయ్యి పెడితేనే మురుగుతాయన్నావు. సుత్తి పెడితే ఏమవుతాయో!"

"తరవాత తిడుదువుగాని తల్లీ, ముందు కొట్టు!"

నాలుగు దెబ్బలు వినిపించాయి. అయిదోదానికి ఏదో ఊడిపడింది.

"అక్కా, ఇక్కడ ఎర్రగా ముప్పై తొమ్మిది పాయింట్ నాలుగు అని ఉంది. ఫ్యాను తిరగట్లేదు."

"యంత్రం తలుపు బార్లా తెరువు. గోడమీద డబ్బా చూడు, మధ్య స్విచ్చి పడిపోయిందా?"

"పడింది."

"పైకెత్తు."

ఫోన్లోంచి ఫ్యాను హోరు వచ్చింది. అంకె దిగుతున్నకొద్దీ చదవమంది. ముప్పై ఎనిమిదిన్నర. ముప్పై ఎనిమిది. తలుపు వెయ్యమంది. ముప్పై ఏడున్నరకు వచ్చి నిలిచాక గాని ఆవిడ వీపు సీటుకు ఆనలేదు.

"నేను దిగి వెనక్కి వచ్చేస్తానే."

"ఎందుకూ? స్టూలుంది, నేనున్నాను. చెల్లెలి పిల్లని చూసి రా."

నాలుగు వందల గుడ్లు పోయాయి, మిగిలినవి పిల్లలయ్యాయి. ఇప్పుడు యంత్రమే అయిదు నిమిషాలకోసారి తన వేడి ఎంతో బయటికి, ఆవిడ ఫోనుకు, పంపుతుంది. లోపలినుంచి వెళ్లేదాన్ని ఎవరూ ఆపరు. మొన్న ఆ దారిన పోతూ చూశాను. డిగ్రీలమ్మ ఫోన్లో వైఫై ఆపేసి, వీధి చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి అంకె చూసుకుంటోంది. రెండో తాళంచెవి తోడికోడలి గుమ్మం మేకుకు వేలాడుతోంది.