పోలియో చుక్కలు వేయించిన బిడ్డ

“నా బిడ్డను నాకియ్యండి అత్తయ్యా. ఎత్తుకుని తొమ్మిది నెలలైంది.”

“ఇయ్యను. గడప దాటావంటే కాళ్లిరగ్గొడతా.”

“సబ్బుతో చేతులు కడుక్కుంటాను. ముద్దు కూడా పెట్టను.”

“నీ మాట నేన్నమ్మను.”

నా కోడలు గది లోపల, నేను వాకిట్లో, నా చంకలో దాని కూతురు. ఎనభైల చివర్లో మాచర్లలో జరిగింది ఇది. కోడలికి రక్త క్యాన్సరు. మద్రాసు అవతల ఒక పెద్దాసుపత్రిలో దాని అన్న ఎముకల్లోంచి మూలుగ తీసి దీనికెక్కించారు. ఆ మధ్యాహ్నమే నా కొడుకు దాన్ని ఇంటికి తెచ్చాడు.

డాక్టరు జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసిచ్చాడు. నాది రెండో తరగతి చదువు. వాళ్లు బండి దిగగానే కొడుకు చేత చదివించుకున్నాను. కొత్త మూలుగ కుదురుకునేదాకా ఒంట్లో రోగాన్ని ఆపే బలం ఉండదట. కాచిన నీళ్లే తాగాలి, పచ్చివి తినకూడదు, గొడ్ల దగ్గరికి పోకూడదు, జ్వరం తగిలితే గంట కూడా ఆగకూడదు. పరామర్శకొచ్చిన వాళ్లను వీధిలోంచే తిప్పి పంపాను. అన్నిటికంటే కింద ఇంకో మాట ఉంది. ఇంట్లో పిల్లలకు పోలియో చుక్కలు వేయించకూడదు, వేయిస్తే నెలన్నర దూరంగా ఉంచాలి. ఆ మందులో బతికున్న పురుగు బిడ్డ దొడ్డికెళ్లినప్పుడు బయటికొస్తుంది. తల్లికి అంటితే కాళ్లు పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

చుక్కలు వేయించింది నేనే. నాలుగు రోజుల కింద బడి దగ్గర నర్సమ్మ ఉచితంగా వేస్తుంటే వరసలో నిలబడి వేయించుకొచ్చాను. ఒక మాట ఆసుపత్రికి రాసి అడగాలని తోచలేదు.

కోడలు అక్కడే పొడిచింది. “ఊరికే వస్తుందంటే విషమైనా పోయిస్తారు మీరు.”

నిజం గనకే నాకు ఒళ్లు మండింది. “మీ అన్న ఎముకలు గుచ్చించుకుని మూలుగ ఇచ్చింది బిడ్డ పియ్యిలో పొయ్యడానికటే? అంత ముద్దొస్తే చచ్చాక ఎత్తుకో,” అన్నాను.

దూరం నుంచి చూడనియ్యమ్మా అని కొడుకు గొణిగాడు. వాణ్ణి నోరు ముయ్యమన్నాను.

కోడలు గడప లోపల కూర్చుని బిడ్డను పేరు పెట్టి పిలిచింది. వెంట్రుక లేని ఆ తల చూసి బిడ్డ జడుసుకుంది, నా భుజంలో మొహం దాచుకుంది.

“చూశావా, నిన్నెరగదు. ఇంకెందుకు ఏడుపు?” అన్నాను. ఆ మాట కాగితంలో లేదు, నాదే.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు బిడ్డను సత్తెనపల్లి తీసుకుపోయి నా పెద్దకూతురింట్లో వదిలాను. బయల్దేరేటప్పుడు కోడలు కిటికీ దగ్గర నిలబడి ఉంది. నేను బిడ్డను అటు తిప్పలేదు.