ఓసాంగ్ వదిలిన కోడిపిల్ల

మా తొండో పేటలో గూండా సినిమాలు తీసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడే పుట్టిన రొమెల్ తీసినదాంట్లో మాత్రం, కెమెరా ముందు నిలబడి కూడా నటించని మనిషి ఒకావిడ ఉంది. పేరు ఓసాంగ్. ఇరవై ఏళ్లుగా సందు మొగలో అరటిపళ్లు చక్కెరలో వేయించి, పుల్లలకు గుచ్చి అమ్మేది. ధైర్యం గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆమే గుర్తొస్తుంది.

ఆ సినిమాకు మైకు పట్టింది నేనే. చచ్చిపోయిన గూండా తల్లి వేషానికి కుదిరిన నటి, మా పేట పేరు వినగానే రానంది. రొమెల్ వెళ్లి ఓసాంగ్‌ను బతిమాలాడు. ఆమె సరేనంటుందని మేం అనుకోలేదు. ఎందుకంటే ఆమె పెద్దకొడుకు జునెల్‌ను తొమ్మిదేళ్ల కిందట ఇదే సందులో పొడిచి చంపారు. చంపించింది ఈ సందును ఏలే గూండా బదొంగ్ అని అందరికీ తెలుసు, పైకి అన్నవాడు లేడు. ఆ బదొంగే శవజాగరణకు బియ్యం బస్తా మోయించుకొచ్చి, శవపేటిక పక్కన కూర్చుని, జాగరణకు వచ్చినవాళ్లు ఆడినట్టే తెల్లవార్లూ పేకాడి వెళ్లాడు. ఓసాంగ్ ఆ బియ్యమే వండి మిగతా ఇద్దరు పిల్లలకూ పెట్టింది. ఆనాటి నుంచి జునెల్ పేరు ఎత్తలేదు.

హత్యకు గురైనవాడి శవపేటిక మీద కోడిపిల్లను వదలడం మా ఆచారం. అది పొడిచే ప్రతి పోటూ హంతకుడి గుండెకు తగులుతుందంటాం. బదొంగ్ పక్కనే కూర్చోవడంతో జునెల్‌కు ఆమె ఆ పని కూడా చేయలేకపోయింది.

షూటింగు నాటి మధ్యాహ్నం బదొంగ్ కెమెరా వెనకే ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాడు. మా సందులో అతని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు. ఓసాంగ్ సంచిలోంచి కోడిపిల్లను తీసి, షూటింగు కోసం తెచ్చిన శవపేటిక అద్దం మూత మీద వదిలింది.

రొమెల్ గొంతు తగ్గించి, "అమ్మా, కథలో అది లేదు కదా" అన్నాడు.

"పొడిచి చంపినవాడి పెట్టె మీద కోడిపిల్ల లేకపోతే నీ సినిమా ఈ పేటలో ఎవడు నమ్ముతాడురా?"

కథలోని కొడుకు పేరు పెట్టి ఆమె ఏడవాలి. ఏడవలేదు. అద్దం మీద చెయ్యి ఆనించి, "జునెల్" అని పిలిచింది. కోడిపిల్ల టకటకా పొడుస్తోంది. జనమంతా కెమెరాను వదిలేసి బదొంగ్‌ను చూశారు. అతను లేచి ఆపమన్నాడు. రొమెల్ ఆపలేదు. బదొంగ్ కుర్చీ తన్నేసి వెళ్లిపోయాడు.

మర్నాడే అతని మనుషులు ఆమె బండిని సందులోంచి వెళ్లగొట్టారు. అప్పుడు రొమెల్‌కు భయం పట్టుకుంది. పేరు మార్చి గొంతు మళ్లీ రికార్డు చేద్దామని ఆమెను డబ్బింగ్ గదికి పిలిపించాడు. ఒక్క మాట మారిస్తే బదొంగ్ చల్లబడతాడు, పాత చోటు తిరిగి దక్కుతుంది అని నేనూ నచ్చజెప్పాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన గొంతు తాను రెండుసార్లు విన్నది.

"వాడి పేరు తొమ్మిదేళ్లు మింగాను బాబూ. ఇప్పుడు మళ్లీ మింగమంటావా?"

నేను మైకు ఆపేశాను.