కమలాకుమారి గారి మూగ టీవీ

కమలాకుమారి గారు టీవీని చూసేవారే గాని, దాన్ని మాట్లాడనిచ్చేవారు కాదు.

రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం వెలిగించి, కళ్లకద్దుకున్న హారతి చల్లారేలోగా రిమోట్ అందుకుని టీవీ నోరు నొక్కేసేవారు. రాత్రి వచ్చిన హిందీ సీరియల్‌ను పొద్దున మళ్లీ వేస్తారు. తెరమీద అత్తగారు కళ్లెర్రజేసేది, కోడలు కొంగు నలుపుకునేది, మామగారు వాలుకుర్చీలో ఛాతీ పట్టుకునేవాడు. వాళ్ల మాటలన్నీ కమలాకుమారి గారే చెప్పేవారు, అచ్చమైన కాకినాడ తెలుగులో.

"ఏవమ్మా, పప్పులో ఇంత ఉప్పేంటి? మీ పుట్టింటి సముద్రం గాని తెచ్చి పోశావా?" అని అత్తగారు.

"ఖళ్ ఖళ్ ఖళ్" అని మామగారు. ఆయన పాత్రకు ఆవిడ కేటాయించిన సంభాషణ అదొక్కటే. కాని ఆ దగ్గును పొట్ట అడుగునుంచి తోడి తెచ్చేవారు.

ఢిల్లీ కంటోన్మెంటులోని ఆ క్వార్టర్లలో అందరూ టీవీ చెడిపోయిందనే అనుకున్నారు. పై అంతస్తు శర్మా ఆంటీ జాలిపడి మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చింది. "భాభీజీ, ఆవాజ్ ఖరాబ్ హై నా?" అంది. అతను సౌండు పెంచగానే అలమరలో గిన్నెలు కూడా గజగజలాడాయి. కమలాకుమారి గారు అతనికి టీ, బిస్కెట్లు ఇచ్చి సాగనంపి, మళ్లీ నోరు నొక్కేశారు. "సౌండుకేం, నిక్షేపంలా ఉంది. వాళ్ల కథే బాగోలేదు. గంటసేపు కూర్చున్నందుకు మనకేదైనా చేతికి రావాలా, వద్దా?" అన్నారు.

అసలు బాధ భర్త హవల్దార్ త్యాగరాజు గారిది. వార్తల్లో నలుగురు పెద్దమనుషులు చేతులు విసురుకుంటూ వాదించుకుంటుంటే, బ్లాకు నీళ్ల ట్యాంకు ఎవరు కడగాలో ఆవిడ వాళ్లచేత తేల్పించేవారు.

"ఏవే, దేశంలో ఏం జరుగుతోందో నాకు తెలియొద్దా?"

"ట్యాంకు కడగడానికి మీ పేరొచ్చింది. అదీ జరుగుతోంది."

ఈ ఇంటి ఎదురు వాటాలో ఉండే పిల్ల ప్రత్యూష. నరసన్నపేట దగ్గర పల్లెటూరు. టీచరు చదువు చదివింది గాని హిందీ ముక్క రాదు. ఆమెను క్వార్టరులో దింపిన వారానికే భర్త విష్ణువర్ధన్‌కు సరిహద్దు డ్యూటీ పడింది. అప్పట్నుంచి ప్రత్యూష గుమ్మం దాటడమే తక్కువ. ఒక ఉదయం కమలాకుమారి గారు తలుపు తట్టి, చేతిలో ప్రసాదం పెట్టి, "ఒక్కదాన్నే ఇన్ని గొంతులు చెయ్యలేకపోతున్నానమ్మా. ఆ కోడల్ని నువ్వు పుచ్చుకో" అన్నారు.

పిచ్చావిడేమో అని ప్రత్యూష భయపడింది. తరవాత నవ్వొచ్చింది. ఆ తరవాత, పొద్దున ఎప్పుడవుతుందా అని ఎదురుచూసింది. కోడలి నోట ఆమె సరిహద్దులో ఉన్న భర్త మీద బెంగ చెప్పుకునేది, గ్యాసు సిలిండరు రాలేదని చెప్పుకునేది. మామగారు సానుభూతిగా దగ్గేవారు.

కొన్నాళ్లకు హఠాత్తుగా అత్తగారు తెలుగు మానేసి హిందీ ఎత్తుకుంది.

"ఆంటీ, నాకు హిందీ రాదు కదా!"

"నీకు రాకపోతే పోనీవే, ఆ కోడలికొచ్చుగా! ఢిల్లీలో పుట్టిన పిల్ల. చూడు, నోరెలా కదుపుతోందో. ఊఁ, అనేయ్."

తప్పులు దొర్లేవి. అత్తగారు కోపం మధ్యలోనే తప్పు దిద్ది, మళ్లీ కోపగించుకునేది. ప్రకటనలు వచ్చినా కమలాకుమారి గారు విడిచిపెట్టేవారు కాదు. టూత్‌పేస్టు అమ్మే అందగాడితో ప్రత్యూష బేరమాడాల్సిందే.

ఇంతలో దగ్గర్లోని చిన్నపిల్లల బడిలో టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. ప్రత్యూషకు ఆ ఉద్యోగం కావాలి. డబ్బుకోసమే కాదు, భర్త ఫోను చేసినప్పుడు "ఏం చేస్తున్నావ్?" అంటే చెప్పుకోవడానికి ఒక మాట కావాలి.

ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ మేడమ్ కనుబొమ్మలు పైకెత్తి ప్రత్యూషను చూసింది. అచ్చం సీరియల్ అత్తగారే! "ఆప్‌కీ హిందీ కచ్చీ హై. ఇంత అరకొర హిందీతో పిల్లల్నెలా సంభాళిస్తారు?" అని హిందీలో అడిగి, ఆవిడ గోడమీది పటం చూపించింది. ఏనుగు బస్సెక్కుతున్న బొమ్మ. దానిమీద కథ చెప్పమంది.

ప్రత్యూష బొమ్మకేసి చూసింది. మనుషులున్నారు, నోళ్లు తెరుచుకునున్నాయి, చప్పుడు లేదు. ఓస్, ఇంతేనా!

కండక్టరు హిందీలో కసిరాడు. ముసలమ్మ టిక్కెట్టుకు బేరమాడింది. ఏనుగు బస్సులో ఇరుక్కుని "ఖళ్ ఖళ్ ఖళ్" అని దగ్గింది. కిటికీ అవతల పిల్లలు విరగబడి నవ్వారు. కనుబొమ్మలు దిగి, మేడమ్ కూడా నవ్వింది. "ఔర్ ఏక్ బార్, వో ఖాఁసీ!" అని ఆ దగ్గు మళ్లీ దగ్గించుకుని, సోమవారం నుంచి వచ్చెయ్యమంది.

ప్రత్యూష బర్ఫీ డబ్బాతో పరుగున వచ్చింది. కమలాకుమారి గారు ఆమె బుగ్గలు పుణికి, స్వీటు దేవుడి దగ్గర పెట్టడానికి లోపలికెళ్లారు. త్యాగరాజు గారు గబుక్కున రిమోట్ అందుకుని సౌండు పెంచారు.

"అయితే ఈ మూగనోము ముగిసినట్టేనా తల్లీ? ఇక నా వార్తలు నేను వినొచ్చా?"

"ఆంటీకి సౌండు పడదు కదా అంకుల్?"

"పడకపోవడమేంటి! నువ్వు రాకముందు మా టీవీ భజనల చప్పుడు తగ్గించమని శర్మా ఆంటీ మెట్లు దిగొచ్చేది. సీరియలంటే మీ ఆంటీకి ఒళ్లుమంట. ఆవేళ కూరగాయల బండి దగ్గర అరకిలో బెండకాయలడగడం రాక, ఖాళీ సంచీతో కళ్లు తుడుచుకుంటూ నువ్వొచ్చేశావట. ఆ మర్నాడే మా టీవీకి గొంతు పోయింది. నేర్పుతానంటే సిగ్గుపడతావట, ఆటంటే వస్తావట!"

ప్రత్యూష దేవుడి దీపం వైపు తిరిగింది. అంతలో కమలాకుమారి గారు బర్ఫీ ముక్క తెచ్చి ఆమె నోట్లో పెట్టారు.

"ఆయన మాటలకేంగాని, నాకో సాయం చెయ్యాలమ్మా. కింద వాటాలోకి అనంతపురం పిల్లొచ్చింది, వీణ. వచ్చిందగ్గర్నుంచి తలుపు తియ్యట్లేదు. కోడలి వేషం దానికిచ్చేద్దాం."

త్యాగరాజు గారు నిట్టూర్చి, సౌండు తీసేసి, రిమోట్ భార్య చేతిలో పెట్టారు. ఆవిడ మళ్లీ ప్రత్యూషకేసి తిరిగారు.

"అత్తగారిని నేను చూసుకుంటాను. ఈ దగ్గుతోనే నా గొంతు పోతోంది. రేపట్నుంచి బడికెళ్లేముందు కాసేపొచ్చి, ఆ మామగారిని నువ్వు పుచ్చుకోవూ?"