ఏలియా వేలు, ఆదెమ్మ వేలు

మా అన్న ఏలియా తుపాకీ ఎత్తాడంటే ఊళ్ళో ఒకటే మాట: "వాడు గురిపెట్టిన చోటే నిలబడండ్రా, ప్రాణానికి ఢోకా ఉండదు!" ఆ మాట అన్నవాళ్ళలో సగంమంది పోయారు. ఉన్నవాళ్ళు వాడి చెల్లెలినైన నా ఎదుట అనరు. నా నోరు వాళ్ళకు తెలుసు.

మాది మాచర్లకు అవతల అడవి అంచున పల్లె. నలభై నాలుగులో అడవిపందులు జొన్నచేలను పాడుచేస్తుంటే, ఆసామి గోపాలకృష్ణయ్యగారు తన నాటు తుపాకీ ఇచ్చి అన్నను కాపలా పెట్టాడు. అన్న కాల్చిన మొదటి గుండుకు పంది చెవి కూడా కదల్లేదు. దానికి కుడిపక్కగా, దూరంగా కట్టేసి ఉన్న ఆసామి ఎద్దు కొమ్ము మాత్రం చెక్క లేచిపోయింది.

"ఇంకోసారి ఇట్టా జరిగితే తుపాకీ ఉండదు, నీ కాపలా ఉండదు" అన్నాడాయన.

అన్న సిగ్గుతో ఇంట్లో కూర్చుని ఖాళీ తుపాకీ మీట నొక్కి చూసుకుంటుంటే, రాట్నం ముందున్న మా వదిన ఆదెమ్మ చూసి చూసి, ఇక ఆగలేకపోయింది.

"ఏందయ్యా, నాగలి మేడి పట్టినట్టు ఆ పట్టేంది? ఒక్క వేలు చేసే పనికి పిడికిలంతా బిగిస్తన్నావు. నేనట్టా బిగిస్తే దారం పుటుక్కున తెగుద్ది."

"దారానికీ తుపాకీకీ ఏం సంబంధమే?"

"రెండిటికీ వేలే గదా."

నిజమే. పదేళ్ళ వయసు నుంచి మేడి పట్టిన చెయ్యి మావాడిది. మీటలోకి వేలు రెండో కణుపుదాకా దూర్చి, గుప్పెట మొత్తం బిగించి గుంజేవాడు. గొట్టం కుడికి వాలేది. వదిన అతన్ని రాట్నం ముందు కూర్చోబెట్టి పత్తి ఏకు చేతికిచ్చింది. పదిరోజులపాటు దారం తెంపుతూనే ఉన్నాడు. నేను నవ్వలేక చచ్చాను.

తర్వాత ఖాళీ తుపాకీ గొట్టం మీద చింతగింజ పెట్టేవాడు. చూపుడువేలి కొసన ఉండే మెత్తటి కండ మాత్రం మీటకు ఆనించి, మిగతా వేళ్ళు కదలకుండా మెల్లమెల్లగా నొక్కేవాడు. గింజ పడితే మళ్ళీ మొదటికి. "ఇప్పుడు పేలుద్ది, ఇప్పుడు పేలుద్ది అని కాసుకుంటే అదిరిపోతన్నానే. ఊరికే నొక్కుతా ఉంటే గింజ నిలబడుతుంది" అన్నాడొకనాడు. నెలకు గింజ పడటం మానేసింది.

జొన్నకోతలప్పుడు ఒక పట్టపగలు గొర్రెలకాపరులు రాళ్ళతో, కుక్కలతో తరిమిన చిరుత ఒకటి దారితప్పి మా వాకిట్లోకి ఉరికింది. జొన్నలు చెరుగుతున్న వదిన పక్కనుంచి దూసుకెళ్ళి ఇంట్లో దూరింది. లోపల వాళ్ళ ఆరునెలల పాప ప్రేమకుమారి చీర ఉయ్యాల్లో నిద్రపోతోంది.

నేను చేలోకి పరుగెత్తి, "అన్నా, పులి! పాప!" అని కేకలేశాను. అన్న తుపాకీతో వచ్చేసరికి ఊరంతా వాకిట్లో ఉంది. గడప ముందు వదిన కొయ్యలా నిలబడి ఉంది. గొట్టంలో ఉన్నది ఒక్కటే గుండు. మళ్ళీ మందు దట్టించే వ్యవధి ఎక్కడిది?

చిరుత మూలకు నక్కి గుర్రుమంటోంది. దానికి కుడిపక్కన మూరెడు దూరంలో ఉయ్యాల. కుడిపక్కన! ఓరి దేవుడా, మావాడి గుండు పోయేది ఎప్పుడూ కుడికే గదా!

అన్న మోకాలి మీద కూర్చుని గురిపెట్టాడు. వేలికొస మీటకు ఆనింది. అంతే, ఇక కదలిక లేదు. ఉయ్యాల్లో చిన్న కాలు పైకి లేచింది. చిరుత చెవులు వెనక్కి వాల్చి అటు తల తిప్పింది.

"కాల్చరా!" అని వెనకనుంచి ఎవడో గొణిగాడు. వాడి నోరు పడిపోను! వాణ్ణి చంపాలన్నంత కోపం వచ్చింది నాకు. అన్న మాత్రం అదరలేదు. ఆ వేలు నొక్కుతోందో లేదో కూడా తెలియడంలేదు.

తుపాకీ పేలింది. ఇల్లంతా పొగ. ఆ పొగలోనుంచి పాప ఏడుపు వినిపించింది. అంత మంచి ఏడుపు నా జన్మలో వినలేదు. చిరుత మూలలోనే ఒరిగిపోయి ఉంది.

వదిన బిడ్డను ఉయ్యాల చీరలోనే చుట్టి తెచ్చింది. చూస్తే ఆ చీరంతా నెత్తురు.

"పాపకు తగిలిందా ఏంది వదినా?" అని గోలపెట్టాను.

"పాపది కాదు కాంతమ్మా, నాది" అని చెయ్యి చూపించింది. చూపుడువేలు ఎముకదాకా కొరుక్కుంది. "కాల్చవయ్యా అని అరుపు గొంతుదాకా వచ్చింది. నేనరిస్తే ఆయన అదురుతాడు. అందుకని వేలు పెట్టి నోరు మూసుకున్నా."

ఆ వేలు మళ్ళీ వంగలేదు. వదిన ఇక నూలు వడకలేకపోయింది. ఆ ఏటినుంచి ఆ ఇంట్లో రాట్నం ముందు మా అన్నే కూర్చున్నాడు. మగాడివై ఉండి ఇదేం పనని ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. వదిన పక్కన కూర్చుని చూస్తుంటే, దారం తెగకుండా వడికేవాడు.