తాత మాన్పించిన అలవాటు

మొన్న బుధవారం ఆళ్లగడ్డ బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతుంటే, మా తమ్ముడు నంద్యాల నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తాత పోయినాడక్కా" అన్నాడు. "ఏ తాత?" అని అడిగాను. అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మాకున్నది ఒక్క తాతే, పక్కింటి దర్జీ తాత. నెల కిందట తెగిపోయిన నా సంచి పట్టీ కుట్టిచ్చి, బస్సు తప్పిపోతుందని కసిరి పంపిన మనిషి. జబ్బని కూడా ఎవరూ కబురు చెయ్యలేదు. నేను నంద్యాలలో బస్సు దిగేసరికి మట్టి ఇచ్చి వచ్చేశారు. ముఖం చూడలేదు, అందుకే నాకింకా నమ్మకం కుదరడం లేదు.

ఆయన గురించి చెప్పాలంటే మా కుక్క గురించి చెప్పాలి. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, అంటే పన్నెండేళ్ల కిందట, మా ఇంటికొచ్చిన జిమ్మీకి మనుషులను నాకే పిచ్చి. మా చర్చి పాస్టరుగారిని నాకింది, పాలామెను నాకింది. వాళ్లు తుడుచుకుని పోయారు. తాతకు అలా కుదరదు. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఉతికిన బట్టలు కట్టుకుని నమాజుకు బయలుదేరతాడు. కుక్క ఎంగిలి తగిలిందా, వెనక్కి పోయి కడుక్కోవాలి, బట్ట మార్చాలి. ఈలోగా మసీదులో నమాజు మొదలైపోతుంది. మా అమ్మ ఒక తెలివైన పని చేసింది. తాత గడప దిగి, కుక్క ఆయన మీదికి పోగానే జొన్నరొట్టె ముక్క చూపించి దాన్ని వెనక్కి పిలిచేది. వారం తిరగకుండానే, తాతను నాకితే రొట్టె వస్తుందని దానికి అర్థమైపోయింది.

ఒక శుక్రవారం ఆయన రెండుసార్లు వెనక్కి తిరగాల్సి వచ్చింది. మా నాన్నకు తల కొట్టేసినట్టయింది. కుక్కను గోస్పాడులో మా పెద్దనాయన చేని దగ్గర వదిలేస్తానన్నాడు. నేను అన్నం మానేశాను. మర్నాడు నాన్న సైకిలు తీస్తుంటే తాతే వచ్చి ఆపాడు.

"దాన్ని యాడికి పంపుతావప్పా? అది నాకితే మీరు నవ్వుతాండారు, అరుస్తాండారు, రొట్టె పెడతాండారు. దానికదే పండగ. నాకు పదైదు దినాలియ్యి."

ఆ పదిహేను రోజులూ పొద్దున్నే, స్నానానికి ముందు, చిరుగుల లుంగీతో మా వసారాలోకి వచ్చి నిలబడేవాడు. కుక్క నాకేది. ఆయన తిట్టడు, తొయ్యడు. చేతులు కట్టుకుని గోడవైపు తిరిగిపోతాడు. విసుగొచ్చి అది కూర్చుంటే అప్పుడు రొట్టె. మమ్మల్నీ అలాగే ఉండమన్నాడు. నాకు నవ్వు ఆగేది కాదు. నవ్విన రోజు కథ మళ్లీ మొదటికొచ్చేది. తాత చూసే చూపుకు కుక్క కంటే ముందు నేనే దారికొచ్చాను. రోజూ ఆ పని అయ్యాక ఆయన ఇంటికి పోయి మోకాళ్ల దాకా రుద్ది రుద్ది కడుక్కునేవాడు. ఎందుకు తాతా నీకీ తిప్పలు అని అడిగాను.

"నా నమాజు కోసరం ఒక జీవాన్ని ఇంట్లోంచి తరిమితే, ఆ నమాజు నాకు యాడ దక్కుతాది?" అన్నాడు.

పదహారో రోజు తెల్లబట్టల్లో మా గడప ముందు నుంచి పోయాడు. జిమ్మీ వణుకుతూ కూర్చుంది కానీ లేవలేదు. వెంటనే దానికొక రొట్టె ముక్క పెట్టమని నాకు చెప్పి, ఆగకుండా నడిచిపోయాడు. అప్పటి నుంచి అది ఎవరినీ నాకలేదు. మా కుక్కంత బుద్ధిమంతురాలు నంద్యాలలో లేదని ఇన్నేళ్లూ నేను గొప్పలు చెప్పుకున్నాను.

మొన్న బస్సు దిగి నేరుగా అవ్వ దగ్గరికి, అదే తాత భార్య దగ్గరికి పోయాను. ఆమె ఏడవడం లేదు. నా చెయ్యి పట్టుకుని, మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది.

"మసీదుకు నడవలేక ఈ ఇరవై దినాలు మా వసారాలోనే మంచం వేయించుకున్యాడు పాపా. మీ జిమ్మీ వచ్చి పక్కన కూర్చునేది. ఈయన చెయ్యి చాపి, ఒకపారి నాకి పోవే, కడుక్కుంటాలే అంటాండె. దినామూ అడిగినాడు. అది నాకలే."

నాకు చావు కబురుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇది రాస్తున్నా ఆ వసారాయే కనిపిస్తోంది. మంచం మీద నుంచి కిందికి చాచిన చెయ్యి, దానికి జానెడు దూరంలో నోరు మూసుకుని, గోడవైపు తిరిగి కూర్చున్న మా ముసలి కుక్క.