పేరు పడితే పిన్ని లేస్తుంది

మా బాబాయికి ముహూర్తాల పిచ్చి. రొయ్య పిల్లల హేచరీకి శంకుస్థాపన చేసిన రోజున కుండపోతగా వాన పడుతున్నా ముహూర్తం దాటనివ్వలేదు, గొడుగు కిందే కొబ్బరికాయ కొట్టించాడు. అలాంటి మనిషి నేను రాసిన ప్రోగ్రాంకు కూడా ముహూర్తం పెట్టించాడని తెలిస్తే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

తొంభైల చివరి మాట. తెనాలిలో ఉంటూ, రోజూ పాసింజరు బండిలో బాపట్ల వెళ్లి ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. బాబాయి హేచరీ బాపట్ల దాటాక, సముద్రం వైపు. సిమెంటు తొట్లలో ఉప్పునీళ్లు, వాటిలో కంటికి ఆనీ ఆనని రొయ్య పిల్లలు. వాటికి పగలూ రాత్రీ గాలి అందాలి. ఆ గాలి పంపే బ్లోయరు ఆగిందంటే పిల్లలు ఊపిరాడక అడుగుకు చేరతాయి, కాసేపటికి తొట్టి మొత్తం పోతుంది. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు జనరేటరు వెయ్యాలి. ఆ ఎవరో ఒకరు మా పిన్ని.

పనివాళ్ల మీద వదిలేసి ఒకసారి తొట్లన్నీ పోగొట్టుకున్నారు. అప్పట్నుంచి పిన్ని జనరేటరు గదిలోనే పీట వేసుకుని కూర్చుంది. అన్నం అక్కడే, కునుకు అక్కడే. కునుకులో ఉన్నా బ్లోయరు చప్పుడు మారితే కళ్లు తెరిచేది. సొంత చెల్లెలి కూతురి పెళ్లికి కూడా వెళ్లలేదు. మనిషి సగమైపోయింది.

"మీ పిన్నిని ఆ పీట మీంచి లేపే మార్గం ఏదన్నా చూడవే," అని బాబాయి అడిగాడు. అంతకుముందు వేసిన పంట జబ్బొచ్చి పోయింది. ఈసారి తొట్లలో ఉన్నది కూడా పోతే ఇక హేచరీకి తాళమే.

అందుకే ఆ ఏర్పాటు. గాలి ఒత్తిడి కొలిచే సెన్సరు ఒకటి, దాని తీగలు వచ్చి చేరే కార్డు ఒకటి, ఆ కార్డును బిగించిన కంప్యూటరు. ఒత్తిడి పడిపోతే జనరేటరు దానంతటదే స్టార్టవ్వాలి. కంప్యూటర్లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాం. ఆ కార్డును నడిపించే ప్రోగ్రాం, అదే డ్రైవర్, నేను రాశాను. డ్రైవర్ తన పేరునూ, తనను ఏయే పనులకు పిలవొచ్చో ఆ వివరాన్నీ లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు అప్పజెప్పాలి. దాన్నే రిజిస్టర్ చేయడం అంటారు. ఉన్నది ఒక్క లైనే, కానీ అది నడిచిన మరుక్షణం నుంచి ఏ ప్రోగ్రామైనా వచ్చి పిలవొచ్చు. ఆగు, నేనింకా సిద్ధం కాలేదు అంటే కుదరదు. అందుకే కార్డును లేపి, సెన్సరును సరిచూసుకుని, అన్నీ కుదిరాక అన్నిటికన్నా ఆఖర్న రిజిస్టర్ చెయ్యాలి. ఈ ముక్క క్లాసులో గొంతు పోయేలా చెప్పేదాన్ని.

కెర్నెల్లో పేరు పడగానే తెర మీద పచ్చగా కనిపిస్తుంది. ముహూర్తం దాటకముందే అది పడాలి, అప్పుడు పిన్ని జనరేటరు గదిలోంచి లేచొచ్చి బాబాయి పక్కన పూజలో కూర్చోవాలి. అనుకున్నది అదీ.

ఆ రోజు పొద్దున్నే చుట్టాలు దిగారు. రేపల్లెలో కంప్యూటర్ షాపు పెట్టుకున్న మా పెద్దనాన్న కొడుకు, అంటే అన్నయ్య, మైకు సెట్టు కూడా వెంట తెచ్చాడు. నేను ఫైలు చివరిసారి చూసుకుందామని తెరిచాను. ఆఖర్న ఉండాల్సిన రిజిస్టర్ లైను పైకెక్కి కూర్చుంది.

"దీన్నెవరు కదిపారు?"

"నేనేనమ్మా," అన్నాడు అన్నయ్య తాపీగా. "సెన్సరు టెస్టు అయ్యేసరికి ముహూర్తం దాటిపోద్ది. బాబాయి ఒకటే గోల. పేరు ముందు పడుద్ది, టెస్టు వెనకాల నడుసుద్ది. ఎవరికి తెలుసుద్దిలే!"

ఒళ్లు మండిపోయింది. "తొట్లో పిల్లలకి తెలుసుద్ది!" అని అరిచి, లైనును మళ్లీ కిందికి దించి, మెషీను భాషలోకి మార్చేందుకు కంపైల్‌కు పెట్టాను. ఆ పాత కంప్యూటరు నత్తలా నడుస్తోంది. పురోహితుడు గడియారం చూసుకుంటున్నాడు. జనరేటరు గదిలోంచి పిన్ని కేక వేసింది.

"ఏమే, పడిందా?"

"ఇంకా లేదు పిన్నీ! కదలకు!"

కంపైల్ అయింది. డ్రైవర్ ఎక్కించాను. టెస్టు మొదలైంది. బాబాయి నా కుర్చీ వెనక్కొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, బంగారుతల్లీ, పేరొక్కటి పడనివ్వు. మిగతాది తర్వాత చూసుకుందువుగాని."

"పేరు పడితే పిన్ని లేచొస్తుంది బాబాయ్. టెస్టు కాకుండా పిన్ని లేచొస్తే అక్కడెవరున్నట్టు?"

"ఈ కాసేపట్లో ఏమవుద్దే?"

నేను తెర మీద నడుస్తున్న టెస్టునే చూస్తున్నాను. వెనక ఎవరో పెద్దావిడ, ఆడపిల్లకి అంత మొండితనమేంటమ్మా అంటోంది. పురోహితుడు పంచాంగం మూసి, "దాటిపోయిందండి," అన్నాడు. "నా కొంప ముంచావు కదే," అన్నాడు బాబాయి, అందరూ వినేలా. ఏడుపు ముంచుకొచ్చింది. ఆ లైను పైనే ఉంచితే ఏం పోయేదిలే అని కూడా ఒక్క క్షణం అనిపించింది. తెర మీదింకా టెస్టు నడుస్తూనే ఉంది.

నలుగురి ముఖాలూ చూసి అన్నయ్య, "పాటలన్నా పెడదాం," అంటూ మైకు సెట్టు, రంగు బల్బులు అన్నీ ఒకే లైనుకు తగిలించాడు. ఫట్‌మంది. ఫ్యూజు పోయింది. పాట ఆగింది. దాంతోపాటు రాత్రింబవళ్లు మోగుతూ ఉండే బ్లోయరు చప్పుడూ ఆగింది.

అందరూ కంప్యూటర్ వైపు తిరిగారు. అది బ్యాటరీ మీద వెలుగుతోంది, అంతే. పేరు పడలేదు. లేచి పరుగెత్తాను. సగం దూరం పోకముందే జనరేటరు దగ్గి అందుకుంది. గుమ్మంలోకి వెళ్లేసరికి పిన్ని పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మసి చేతులతో నిలబడి ఉంది.

"ఏంటే ఆ పరుగు? ఏమైంది?" అంది.

బాబాయి తొట్టిలోంచి గాజు గ్లాసుతో నీళ్లు తీసి వెలుతురుకు ఎత్తాడు. పిల్లలు కదులుతున్నాయి. గ్లాసు పట్టుకునే తొట్టి గట్టు మీద చతికిలబడ్డాడు.

అన్నయ్య నోరెత్తకుండా ఫ్యూజు వైరు కట్టాడు. జనరేటరు ఆపి మళ్లీ కరెంటుకు మార్చారు. ఆ తర్వాత టెస్టు అయిపోయింది. తెర మీద పేరు పచ్చగా పడింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇప్పుడు లెమ్మననా?" అని బాబాయి మెల్లగా నన్నే అడిగాడు.

"ఒక్కసారి మెయిన్ తీసెయ్ బాబాయ్. చూసి లెమ్మందాం."

జనరేటరు గదిలోకి వెళ్లాం, అక్కడి మెయిన్ స్విచ్చు దాకా పోయి ఆయన చెయ్యి ఆగిపోయింది. చివరికి నేనే తీశాను. బ్లోయరు ఆగింది. పీట మీదున్న పిన్ని చెయ్యి దానంతటదే జనరేటరు మీట వైపు లేచింది. ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాను. సముద్రం హోరు తప్ప ఏమీ వినపడటం లేదు.

జనరేటరు దగ్గింది. ఎవరూ ముట్టుకోకుండానే అందుకుంది. బ్లోయరు చప్పుడు మళ్లీ మొదలైంది. పిన్ని చెయ్యి మాత్రం నా చేతిలో ఇంకా మీట వైపే లాగుతోంది.

"ఇక లే పిన్నీ," అన్నాను.

"ఉండవే," అంది. "ఎలా లేవాలో తెలీటం లేదు."